బస్తాల బాక్సు, క్వింటాళ్ల బాక్సు: మధ్యలో ఎవరుండాలి?

గోదావరి డెల్టాలో రైతు ధాన్యాన్ని 75 కిలోల బస్తాల్లో లెక్కేస్తాడు. మద్దతు ధర మాత్రం క్వింటాలుకు ప్రకటిస్తారు. అందుకే భీమవరంలో కంప్యూటర్ కొనుగోలు ఫారానికి ప్రోగ్రాం రాసినా, తాడేపల్లిగూడెంలో రాసినా రెండు టెక్స్ట్ బాక్సులు పెట్టాల్సి వస్తుంది. ఒకటి మారితే రెండోదీ మారాలి. చిక్కంతా అక్కడే.

ఒక్కో బాక్సు చేంజ్ ఈవెంట్‌లో, అంటే అందులో అంకె మారగానే నడిచే చోట, రెండోదాన్ని మార్చే కోడ్ రాశామనుకోండి. బస్తాలు పూర్ణాంకాల్లోనే చూపాలి. 10 క్వింటాళ్లు కొడదామని 1 నొక్కగానే బస్తాల బాక్సులో 1 పడుతుంది. అదీ మార్పే కాబట్టి దాని ఈవెంట్ నడిచి, క్వింటాళ్ల బాక్సులో 0.75 రాసేస్తుంది. సున్నా నొక్కకముందే కొట్టిన అంకె పోయింది.

దీనికి మందు 1979లోనే ఉంది. జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం పార్క్‌లో స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద పనిచేస్తూ ట్రిగ్వే రీన్‌స్కౌగ్ మోడల్-వ్యూ-కంట్రోలర్ పద్ధతి చెప్పాడు: డేటా ఒకచోట (మోడల్‌లో) ఉండాలి, తెరమీదివన్నీ దాన్ని చూసే మారాలి. విండోస్‌లోనూ ఎడిట్ బాక్సు పక్క బాక్సుతో మాట్లాడదు. డబ్ల్యూఎం_కమాండ్ మెసేజ్‌తో తానున్న పేరెంట్ విండోకు చెబుతుంది, మిగతాది పేరెంట్ చూసుకోవాలి.

1991లో మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ సాధనం విజువల్ బేసిక్ వచ్చాక బాక్సు మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు, ఈవెంట్ ప్రొసీజర్ తెరుచుకునేది. పక్క బాక్సు పేరు అక్కడే రాసెయ్యడం అలవాటైపోయింది. గట్టు తెంపి పక్క చేలోకి నీళ్లు వదలడం లాంటిదే ఇది. రెండు చేలకైతే నడుస్తుంది, పది చేలైతే బోదె తవ్వాల్సిందే. తెరలు కట్టే లైబ్రరీ క్యూటీలోని సిగ్నల్స్-స్లాట్స్, 2005లో జాన్ గాస్మన్ వివరించిన ఎంవీవీఎం (మోడల్-వ్యూ-వ్యూమోడల్) పద్ధతి, 2006లో మైక్రోసాఫ్ట్ తెరల వ్యవస్థ డబ్ల్యూపీఎఫ్‌తో వచ్చిన డేటా బైండింగ్, అన్నీ ఆ బోదె తవ్వే ప్రయత్నాలే.

మన ఫారంలో ఆ బోదె కిలోలు. ఏ బాక్సులో కొట్టినా ముందు కిలోల వేరియబుల్ మార్చండి. దాన్నుంచి రెండో బాక్సు నింపండి, టైపు చేస్తున్న బాక్సును ముట్టుకోవద్దు. నింపేటప్పుడు ఒక బూలియన్ ఫ్లాగ్ (ట్రూ/ఫాల్స్ వేరియబుల్) ట్రూ చెయ్యండి, నింపాక ఫాల్స్ చెయ్యండి, ఈవెంట్ మొదట్లోనే అది ట్రూ అయితే వెనక్కి వచ్చెయ్యండి. అప్పుడు 10 క్వింటాళ్లు 1000 కిలోలుగానే నిలుస్తాయి. బస్తాల వైపు 13 బస్తాల 25 కిలోలు అని విడిగా చూపొచ్చు. ఆ 25 కిలోలు రైతువి, రౌండింగ్‌లో పోకూడదు.

మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో రాస్తే ఇంకో జాగ్రత్త. కిలోలు దాచుకున్న మోడల్ ఈవెంట్‌కు += తో తగిలించిన ఫారాన్ని మూసేటప్పుడు -= తో విడదీయండి. లేకపోతే మోడల్ ఉన్నంతసేపూ మూసిన ఫారం మెమరీలోనే ఉంటుంది, మార్పు వచ్చిన ప్రతిసారీ దాని కోడ్ నడుస్తూనే ఉంటుంది.