అడ్జెక్టివ్, అడ్వర్బ్, వెర్బ్: గుంటూరులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో ఇంగ్లిష్ వ్యాకరణం చెప్పడం నా వృత్తి. ఇంటర్ పిల్లలు, డీఎస్సీకి చదివేవారు, విదేశాల్లో ఉద్యోగం కోసం పరీక్ష రాసే నర్సులు, మిర్చి ఎగుమతి కార్యాలయాల్లో ఉత్తర ప్రత్యుత్తరాలు చూసే గుమాస్తాలు నా దగ్గరికి వస్తారు. వయసులు వేరు, చదువులు వేరు. తప్పులు మాత్రం ఒకే చోట దొర్లుతుంటాయి: ఏ క్రియ పక్కన అడ్జెక్టివ్ రావాలి, ఏ క్రియ పక్కన అడ్వర్బ్ రావాలి అన్న చోట. తెలివి లేక చేస్తున్న తప్పులు కావివి. బడిలో సగమే చెప్పి వదిలేసిన సూత్రాలు బుర్రలో పాతుకుపోవడం వల్ల వస్తున్నవి. విశేషణం, క్రియావిశేషణం అని పుస్తకాల్లో ఉన్నా, తరగతిలో అందరూ అనే మాటలతోనే రాస్తున్నాను.

అపోహ: తెలుగులో ‘గా’ వస్తే ఇంగ్లిష్‌లో చివర ఎల్‌వై (ly) అక్షరాలు చేర్చాలి.

వాస్తవం: అన్ని తప్పులకూ తల్లివేరు ఇదే. కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

‘పాప అందంగా ఉంది’, ‘పాప అందంగా రాసింది’. తెలుగులో రెండు చోట్లా ‘అందంగా’ అనే అంటాం. మొదటి వాక్యంలో అందం పాపది, రెండో వాక్యంలో అందం రాతది. తెలుగులో క్రియను బట్టి ఆ తేడా దానంతటదే తెలిసిపోతుంది కనుక మాట రూపం మార్చాల్సిన అవసరం రాలేదు. ఇంగ్లిష్‌లో రూపం మారాలి. పాప ‘బ్యూటిఫుల్’, రాయడం ‘బ్యూటిఫుల్లీ’. వర్ణన కర్తకు చెందితే అడ్జెక్టివ్, పనికి చెందితే అడ్వర్బ్. కాబట్టి ‘గా’ కనిపించగానే ఎల్‌వై తగిలించకుండా, ఈ గుణం ఎవరిది అని ముందు అడగాలి.

బీ క్రియతో, అంటే ఈజ్, ఆర్, వాజ్ వంటి వాటితో, ఈ విషయం చాలామందికి తెలుసు. ‘షీ ఈజ్ బ్యూటిఫుల్లీ’ అని ఎవరూ రాయరు. చిక్కంతా లుక్, ఫీల్, టేస్ట్, స్మెల్, సౌండ్, సీమ్, బికమ్, టర్న్, గెట్, స్టే, రిమైన్ వంటి క్రియలతో. వీటిని లింకింగ్ వెర్బ్స్ అంటారు. ఇవి పనిని చెప్పడం కన్నా కర్తను దాని గుణంతో కలపడానికే ఎక్కువగా పనికొస్తాయి. అలా కలిపినప్పుడు వీటి తర్వాత అడ్జెక్టివే రావాలి.

మన మిర్చి యార్డు మాటలే తీసుకోండి. రంగు పోయి తెల్లబడిన కాయను యార్డులో తాలు అంటారు. ‘వానకు తడిసి కాయ తెల్లగా అయింది’ అని కొనుగోలుదారుకు రాయాలనుకోండి. ‘ద చిల్లీస్ టర్న్‌డ్ వైట్’ అంటే చాలు. తెలుపు కాయది, మారడానిది కాదు కదా. ‘ఈ రకం ఘాటైన వాసన వేస్తుంది’ అన్నప్పుడు ‘స్మెల్స్ స్ట్రాంగ్’. అదే వ్యాపారి సంచి విప్పి, గుప్పెడు కాయలు తీసి జాగ్రత్తగా వాసన చూశాడంటే అది అతను చేసిన పని. అప్పుడు ‘స్మెల్డ్ ద చిల్లీస్ కేర్‌ఫుల్లీ’. క్రియ ఒకటే అయినా మొదటిచోట అది లింకు, రెండోచోట పని. ఇక్కడ ఒక మెలిక కూడా ఉంది: ‘గది నిండా మిర్చి వాసన గట్టిగా వస్తోంది’ అని చెప్పడానికి ‘ఆఫ్’ చేర్చితే, ‘స్మెల్స్ స్ట్రాంగ్లీ ఆఫ్ చిల్లీ’ అని అడ్వర్బే వాడతారు.

సందేహం వస్తే ఆ క్రియను తీసేసి ‘ఈజ్’ లేదా ‘వాజ్’ పెట్టి చూడండి. ‘హీ లుక్‌డ్ యాంగ్రీ’ బదులు ‘హీ వాజ్ యాంగ్రీ’ అన్నా వాక్యం నిలబడుతుంది, కాబట్టి అడ్జెక్టివ్ సరైనది. ‘హీ లుక్‌డ్ యాంగ్రిలీ ఎట్ ద క్లర్క్’ అన్నచోట ‘వాజ్’ పెడితే వాక్యం కూలిపోతుంది. అక్కడ చూడటం నిజంగా ఒక పని, కాబట్టి అడ్వర్బ్. పరీక్ష హాలులో ఇంతకన్నా త్వరగా తేల్చే మార్గం నాకు తెలియదు.

అపోహ: చివర ఎల్‌వై ఉంటే అడ్వర్బ్, లేకపోతే అడ్జెక్టివ్.

వాస్తవం: ఫ్రెండ్లీ, లవ్లీ, కాస్ట్లీ, లోన్లీ, ఎల్డర్లీ అన్నీ అడ్జెక్టివ్‌లే. ‘హీ టాక్‌డ్ ఫ్రెండ్లీ’ అని రాస్తే తప్పు. ‘ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అనాలి. నామవాచకానికి ఎల్‌వై చేరితే చాలావరకు అడ్జెక్టివ్ వస్తుంది, అడ్జెక్టివ్‌కు చేరితే చాలావరకు అడ్వర్బ్ వస్తుంది. ఫ్రెండ్, కాస్ట్ నామవాచకాలు; స్లో, క్విక్ అడ్జెక్టివ్‌లు. డైలీ, వీక్లీ, ఎర్లీ రెండు పనులూ చేస్తాయి.

దీనికి చారిత్రక కారణం ఉంది. పాత ఇంగ్లిష్‌లో అడ్జెక్టివ్‌లకు ‘లీచ్’, అడ్వర్బ్‌లకు ‘లీచె’ అని వేర్వేరు తోకలుండేవి. కాలక్రమంలో రెండూ అరిగి ఒకే ‘లీ’గా మిగిలాయి. మరికొన్ని మాటలకు చివర ‘ఎ’ అనే చిన్న అచ్చు చేర్చితే అడ్వర్బ్ అయ్యేది. ఆ అచ్చును పలకడం మానేశాక అడ్జెక్టివ్, అడ్వర్బ్ రెండూ ఒకేలా తయారయ్యాయి. ఫాస్ట్, హార్డ్ అలా మిగిలినవే. అందుకే ‘ఫాస్ట్లీ’ అనే మాట ఇంగ్లిష్‌లో చెల్లదు. ‘రన్స్ ఫాస్ట్’ అంటేనే వేగంగా పరుగెత్తడం.

హార్డ్ విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. ఉద్యోగ దరఖాస్తుల్లో ‘ఐ హార్డ్లీ వర్క్’ అని రాసేవారిని చూస్తుంటాను. కష్టపడి పనిచేస్తానని చెప్పబోయి, పనే చేయను అన్నంత పని చేస్తున్నారు. హార్డ్లీ అంటే దాదాపు లేనట్టే. కష్టపడటానికి ‘వర్క్ హార్డ్’ అనాలి. లేట్ అంటే ఆలస్యంగా, లేట్లీ అంటే ఈ మధ్య కాలంలో. నియర్ అంటే దగ్గర, నియర్లీ అంటే దాదాపు. ఈ జంటలను వేర్వేరు మాటలుగానే గుర్తుపెట్టుకోవాలి.

అపోహ: గుడ్ బదులు ఎప్పుడూ వెల్ వాడితే సురక్షితం.

వాస్తవం: గుడ్ అడ్జెక్టివ్, వెల్ మామూలుగా అడ్వర్బ్. కాబట్టి ‘పులిహోర టేస్ట్స్ వెల్’ అంటే కుదరదు, ‘టేస్ట్స్ గుడ్’ అనాలి. ‘సింగ్స్ వెల్’ సరైనది. ఆరోగ్యం గురించి చెప్పేటప్పుడు వెల్ కూడా అడ్జెక్టివే.

నర్సులకు ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం కనుక విడిగా చెబుతాను. రోగి పరిస్థితి రాసేటప్పుడు రెండు రకాల వర్ణనలూ ఒకే పేరాలో వస్తాయి. రోగి పాలిపోయి ఉంటే ‘లుక్స్ పేల్’, ప్రశాంతంగా ఉంటే ‘రిమెయిన్స్ కామ్’. శ్వాస వేగంగా తీసుకుంటుంటే ‘ఈజ్ బ్రీతింగ్ ర్యాపిడ్లీ’, రాత్రి బాగా నిద్రపోతే ‘స్లెప్ట్ వెల్’. మొదటి రెండూ రోగి స్థితి, తర్వాతి రెండూ రోగి శరీరం చేస్తున్న పని. ఈ విభజన ఒకసారి మనసుకు పడితే తప్పు దాదాపుగా జరగదు.

అపోహ: ఆబ్జెక్ట్ (కర్మ) తర్వాత వచ్చే వర్ణన అడ్వర్బే అయి ఉండాలి.

వాస్తవం: అది ఆబ్జెక్ట్‌కు చెందిన గుణం కూడా కావచ్చు. తలుపుకు ఆకుపచ్చ రంగు వేశాడు: ‘పెయింటెడ్ ద డోర్ గ్రీన్’. ఆ వార్త మమ్మల్ని సంతోషపెట్టింది: ‘మేడ్ అస్ హ్యాపీ’. నాకు బాగా నచ్చే జంట ఫైండ్ క్రియతో వస్తుంది. ప్రశ్నపత్రం తేలికగా అనిపిస్తే ‘ఐ ఫౌండ్ ద పేపర్ ఈజీ’, ఎందుకంటే తేలిక పత్రానిది. బ్రాడీపేటలో లైనుకూ అడ్డరోడ్డుకూ అంకెలుంటాయి కాబట్టి ఇల్లు తేలికగా దొరుకుతుంది: ‘ఐ ఫౌండ్ ద హౌస్ ఈజిలీ’. ఇక్కడ తేలిక వెతకడానిది. తెలుగులో రెండూ ‘తేలికగా’నే.

అపోహ: అడ్వర్బ్‌ను వాక్యంలో ఎక్కడ పెట్టినా ఒకటే.

వాస్తవం: తెలుగులో ‘ఇంగ్లిష్ బాగా మాట్లాడుతుంది’ అంటాం. కర్మకూ క్రియకూ మధ్యలో అడ్వర్బ్ హాయిగా కూర్చుంటుంది. ఇంగ్లిష్ ఆ రెండింటినీ విడదీయనివ్వదు. ‘స్పీక్స్ వెల్ ఇంగ్లిష్’ కాదు, ‘స్పీక్స్ ఇంగ్లిష్ వెల్’. గోంగూర అంటే చాలా ఇష్టమని చెప్పడానికి ‘ఐ వెరీ లైక్ గోంగూర’ అనేవారు చాలామంది. వెరీ అనేది అడ్జెక్టివ్‌కో అడ్వర్బ్‌కో అతుకుతుంది గానీ క్రియకు అతకదు. ‘ఐ లైక్ గోంగూర వెరీ మచ్’ అనాలి. ఆల్వేస్, నెవర్, ఆఫెన్ వంటివి మామూలుగా అసలు క్రియకు ముందు, బీ క్రియకు తర్వాత వస్తాయి: ‘ఆల్వేస్ కమ్స్ లేట్’, ‘ఈజ్ ఆల్వేస్ లేట్’. సహాయక క్రియ ఉంటే దాని వెనక: ‘హ్యావ్ నెవర్ సీన్’.

అపోహ: రోడ్డు మీద బోర్డుల్లో ‘గో స్లో’ అని తప్పుగా రాస్తారు.

వాస్తవం: తప్పేమీ కాదు. స్లో అనే మాటను శతాబ్దాలుగా అడ్వర్బ్‌గానూ వాడుతున్నారు. గో, డ్రైవ్ వంటి క్రియల తర్వాత అది చక్కగా ఇముడుతుంది. క్రియకు ముందు మాత్రం పెట్టకూడదు. అక్కడ స్లోలీ కావాలి. పరీక్షలోనైనా, కార్యాలయ ఉత్తరంలోనైనా స్లోలీ అనే రాయండి. మాటల్లో స్లో అన్న పిల్లవాణ్ణి మాత్రం తప్పు పట్టకండి.