బల్ల తీసుకోవడానికి యోగ్యులెవరు? అపోహలు - వాస్తవాలు

బల్ల అంటే, యేసు చనిపోయే ముందు రాత్రి శిష్యులతో చేసిన భోజనాన్ని గుర్తు చేసుకుంటూ మందిరంలో రొట్టె, గిన్నెలోని ద్రాక్షరసం పంచుకోవడం. నెలలో మొదటి ఆదివారం వచ్చిందంటే ఎవరెవరు వెనక వరుసలోకి జరిగిపోతారో నాకు ముందే తెలుస్తుంది. రొట్టె, గిన్నె తమ దాకా వచ్చేసరికి తల దించేసుకుంటారు, కొందరైతే పాట మొదలవగానే చెప్పులేసుకుని ఇంటికి వెళ్లిపోతారు. తర్వాత అడిగితే ఒకటే మాట, "నేను యోగ్యురాలిని కాదు అయ్యగారూ."

అపోహ: పాపం ఉన్నవాళ్లు బల్లలో పాలుపొందితే శిక్ష తప్పదు.

వాస్తవం: అందరూ చూపించేది 1 కొరింథీ 11:27, అంటే బైబిల్లో అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరం. అక్కడున్నది "అయోగ్యముగా" అనే మాట. అయోగ్యులు అని లేదు, గ్రీకులో కూడా అది తినే తీరును చెప్పే మాటే. ఆ తీరేమిటో తెలియాలంటే 20వ వచనం నుంచి చదవాలి. కొరింథులో కలిగినవాళ్లు తమ భోజనం తాము ముందే తినేసేవాళ్లు, కొందరు తాగి మత్తులో ఉండేవాళ్లు, లేనివాళ్లకు ఆకలే మిగిలేది. పేదవాణ్ణి అలా సిగ్గుపరుస్తూ ప్రభువు బల్ల అంటారా అని పౌలు మండిపడ్డాడు. 30వ వచనంలో రోగాలు, మరణాల సంగతి ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోమని నేను అనను, కానీ అది రాసింది రాత్రి పిల్లల మీద అరిచి పొద్దున్నే ఏడుస్తూ మందిరానికి వచ్చిన తల్లిని బెదిరించడానికి మాత్రం కాదు. 28లో ఏముందో చూడండి: పరీక్షించుకుని తినమన్నాడు. మానేయమని ఎక్కడా లేదు.

ఆ మొదటి రాత్రి బల్ల దగ్గర శిష్యుడు పేతురు ఉన్నాడు. తెల్లారేలోపు తనను ఎరగనంటాడని యేసుకు తెలుసు, తెలిసే రొట్టె ఇచ్చాడు.

మా దగ్గర మిరపకోతలకు వెళ్లే ఒక పెద్దావిడ తొమ్మిదేళ్లు బల్ల ముట్టలేదు. పొలం గట్టు దగ్గర తమ్ముడితో గొడవైంది, మాటల్లేవు. మనసులో పగ పెట్టుకుని తీసుకుంటే పక్షవాతం వస్తుందని ఏదో కూడికలో ఎవరో చెప్పారట. ఆ మధ్య షుగర్ బయటపడేసరికి, తీసుకోకపోయినా శిక్ష మొదలైందని ఒకటే టెన్షన్. తమ్ముడింటికి వెళ్లావా అమ్మా అంటే, "రెండుసార్లు వెళ్లానయ్యా, తలుపు తీయలేదు" అంది. నీ చేతనైనంత మట్టుకు అందరితో సమాధానంగా ఉండమని రోమా 12:18లో ఉంది, నువ్వు చేశావు కదా అన్నాను. "కోతకెళ్తే నీకిచ్చేది కూలి, కష్టపడ్డావు కాబట్టి ఇస్తారు. ఇది కూలి కాదమ్మా, దేవుడు ఊరికే ఇస్తున్నాడు, చెయ్యి చాపు." చాలాసేపు ఏడ్చింది.

ఇలాంటి భయాల్లో కొన్ని నేను పెట్టినవే. సేవకు వచ్చిన కొత్తలో బల్ల ముందు నిలబడి పాపాల జాబితా చదివి, ఇవి ఉన్నవాళ్లు లేచి వెళ్లండి అనేవాణ్ణి. వెళ్లినవాళ్లలో ఇద్దరు మళ్లీ రాలేదు. ఆ ఇద్దరి కోసం ఇప్పటికీ ప్రార్థన చేస్తాను.

మిగతావి త్వరగా చెప్తాను. కృప ఉంది కదా, ఎలాగైనా బతకొచ్చు అనేవాళ్లు రోమా 6 మొదటి రెండు వచనాలు చదవండి. కానుక పెద్దదైతే దీవెన పెద్దదన్న మాటకు, దేవుని వరాన్ని కొనడానికి డబ్బు తెచ్చిన సీమోనుతో పేతురు ఏమన్నాడో అపొస్తలుల కార్యములు 8:20లో ఉంది. జబ్బు వస్తే ఎవరో పాపం చేసినట్టే అంటారా, యోహాను 9:3లో యేసే కాదన్నాడు. బల్ల తీసుకుని ఎవరో కుప్పకూలారంటూ వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు దయచేసి ఎవరికీ పంపకండి, వాటితో అమాయకులకు నిద్ర పట్టడం లేదు.

ఇంకొకటి, ఇది ఆడవాళ్లు నన్ను నేరుగా అడగరు, మా ఇంట్లో అమ్మగారిని అడుగుతారు. నెలసరిలో బల్ల తీసుకోవచ్చా అని. తీసుకోవచ్చు. పన్నెండేళ్లు రక్తస్రావంతో ఉన్న స్త్రీ గుంపులో వచ్చి ఆయన వస్త్రం ముట్టుకుంటే యేసు ఆమెను "కుమారీ" అని పిలిచాడు. మా మందిరంలో ఎవరైనా మిమ్మల్ని ఈ కారణంతో ఆపితే వెంటనే నాకు చెప్పండి, రొట్టె నేనే తెచ్చి మీ చేతిలో పెడతాను.