పంది కట్టుకునే గూడు, మనం తెచ్చిపెట్టిన బోను

పంది గూడు కడుతుందని చాలామందికి తెలియదు. కడుతుంది, అదీ చాలా శ్రద్ధగా. కడుపుతో ఉండే కాలం సుమారు 115 రోజులు. ఇక ఒక్క రోజులో ఈనుతుందనగా తల్లి పంది మందను వదిలి దూరంగా పోతుంది, చోటు వెతుక్కుంటుంది, మూతితో నేలను గుంత చేసి గడ్డీ కొమ్మలూ నోట కరిచి తెచ్చి పరుచుకుంటుంది. ఇది అడవి పందుల అలవాటు, ఫారం పందులు ఎప్పుడో మర్చిపోయి ఉంటాయని అనుకోవచ్చు. కానీ 1980ల ప్రాంతంలో ఎడిన్‌బరోలో అలెక్స్ స్టోల్బా, డేవిడ్ వుడ్-గష్ అనే శాస్త్రవేత్తలు ఫారం పందుల్ని చెట్లూ పొదలూ ఉన్న ఆవరణలో వదిలి గమనిస్తే అవీ అచ్చం అలాగే గూళ్లు కట్టుకున్నాయి.

ఇప్పుడు బోను సంగతి. దీన్ని ఫారోయింగ్ క్రేట్ అంటారు. ఇది ఎవరో కసాయితనంతో తెచ్చింది కాదు, ఆ మాట ముందే చెప్పాలి. తల్లి బరువు 200 కిలోలు దాటుతుంది, పుట్టిన పిల్ల కిలోన్నర కూడా ఉండదు, పైగా చలికి వణుకుతూ తల్లిని అంటిపెట్టుకునే ఉంటుంది. తల్లి పడుకునేటప్పుడు కింద పడి నలిగి చచ్చిపోయే పిల్లలు రైతుకు నిజమైన నష్టం. దానికి పరిష్కారంగా 1960ల నుంచి ఈ బోను బాగా వ్యాపించింది: రెండు మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు. అందులో లేవొచ్చు, పడుకోవచ్చు, వెనక్కి మాత్రం తిరగలేదు. ఈనడానికి కొన్ని రోజుల ముందు లోపలికి తోస్తే, పిల్లలు పాలు మానేదాకా, అంటే మూడు నాలుగు వారాలు, అందులోనే.

దీనికి తోడు నేల. పెంటా మూత్రం కిందికి జారిపోయేలా సందులున్న నేల వచ్చాక గడ్డి వేయడం మానేశారు, వేస్తే పైపులు పూడిపోతాయని. కానీ ప్రొలాక్టిన్ లాంటి హార్మోన్లు పెరిగే వేళకు పెరుగుతాయి, గూడు కట్టాలనే ఆరాటం ఆ వేళకు వచ్చేస్తుంది, చుట్టూ గడ్డి ఉందా లేదా అన్నది దానికి పట్టదు. అప్పుడా పంది సిమెంటు నేలను మూతితో తవ్వుతుంది, ఇనుప కడ్డీల్ని కొరుకుతుంది, లేస్తుంది, పడుకుంటుంది, మళ్లీ లేస్తుంది. ఈ మొత్తం విషయంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

పంది మొద్దు తల్లి, పిల్లల్ని తొక్కేస్తుంది అనేవాళ్లు అది బయట ఎలా పడుకుంటుందో చూడాలి. ముందు చుట్టూ వాసన చూసి పిల్లల్ని మూతితో పక్కకు నెడుతుంది, ముందు కాళ్లు మడిచి మోకాళ్ల మీద ఆగుతుంది, తర్వాతే మెల్లగా ఒళ్లు వాలుస్తుంది. పాలిచ్చేటప్పుడూ అంతే. గంటకొకసారి పాలు దిగుతాయి, అదీ ఇరవై సెకన్ల పాటు, అందుకే ముందుగా గుర్రుగుర్రుమని పిలిచి, పాలు దిగే సమయానికి ఆ గుర్రులో వేగం పెంచుతుంది. వెనక ఏ పిల్ల ఉందో తిరిగి చూసే వీలు లేని బోనులో ఈ జాగ్రత్తల్లో సగం పనికిరావు.

1964లో ఫారాల్లో జంతువుల దుస్థితి మీద రూత్ హారిసన్ రాసిన పుస్తకం బ్రిటన్‌లో గగ్గోలు పుట్టించాక ప్రభుత్వం బ్రాంబెల్ కమిటీ వేసింది. 1965లో ఆ కమిటీ ఏ జంతువుకైనా లేవడానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లు చాచుకోవడానికి చోటుండాలని చెప్పింది. వెనక్కి తిరగడం అన్న దగ్గరే క్రేట్ ఆగిపోవాలి. ఆగలేదు. తర్వాత వచ్చిన చట్టాల్లో చాలావరకు కడుపుతో ఉన్న పందుల్ని ఇరుకు బోనుల నుంచి విడిపించి, ఈత దగ్గరికి వచ్చేసరికి మినహాయింపు ఇచ్చాయి. యూరోపియన్ యూనియన్‌లో 2013 నుంచి కడుపుతో ఉన్న పందులు గుంపుగా ఉండాలి, కానీ మొదటి నాలుగు వారాలూ ఈతకు ముందు వారమూ మినహాయింపు. కాలిఫోర్నియా 2018లో ఓటేసి తెచ్చుకున్న ప్రొపొజిషన్ 12 అనే చట్టాన్ని 2023లో అమెరికా సుప్రీంకోర్టు నిలబెట్టింది, అందులోనూ ఈతకు ముందు ఐదు రోజులూ పాలిచ్చే కాలమూ మినహాయింపే.

స్వీడన్ దారి వేరు. పిల్లల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్, పశువైద్యురాలు క్రిస్టీనా ఫోర్స్‌లుండ్ కలిసి 1985 నుంచి ఫారం జంతువుల కోసం పత్రికల్లో రాస్తూ పోరాడారు. 1987లో లిండ్‌గ్రెన్ 80వ పుట్టినరోజుకు కానుక అన్నట్టుగా ప్రధాని కొత్త చట్టాన్ని ప్రకటించారు, 1988లో అది అమల్లోకి వచ్చింది. ఆమెకు మాత్రం అది చాలలేదు, దానికి పదును లేదని బాధపడింది. అయినా ఇవాళ స్వీడన్‌లో తల్లి పంది మామూలుగా విడిగా తిరుగుతూ, గడ్డి మీద ఈనుతుంది.

ఈనే పందికి వెనక్కి తిరిగే చోటుండాలని స్విట్జర్లాండ్ 1997లో నియమం పెట్టి పదేళ్లు గడువిచ్చింది. ఆ గడువులోనే వందల ఫారాల లెక్కలు పోల్చి చూశారు. విడిగా ఉన్న చోట నలిగి చచ్చిన పిల్లలు కొంచెం ఎక్కువ, ఇతర కారణాలతో చచ్చినవి తక్కువ, మొత్తం కలిపితే తేడా లేదు. నలభై ఏళ్ల వాదన అంతా నలగడం అనే ఒక్క గడి మీదే నడిచింది, పక్క గడి చూసినవాళ్లు తక్కువ.

ఈలోగా ఇంకోటి జరిగింది. డెన్మార్క్‌లో 1990ల నుంచి ఎక్కువ పిల్లలు పెట్టే పందుల్నే ఎంచుకుంటూ వచ్చారు. తల్లికి ఉండేవి సాధారణంగా 14 చన్నులు, పుట్టే పిల్లలు అంతకంటే ఎక్కువైపోయాయి, చిన్నవీ బలహీనమైనవీ పెరిగాయి, చావులూ పెరిగాయి. 2004లో వాళ్లే లెక్క మార్చి ఐదో రోజుకు బతికున్న పిల్లల్ని లెక్కించడం మొదలుపెట్టారు. ఆ తప్పును తల్లి మీద వేసి బోనును సమర్థించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

బోనులు వద్దని యూరప్‌లో దాదాపు 14 లక్షల మంది సంతకాలు చేశారు. 2023 చివరికల్లా చట్టం ప్రతిపాదిస్తామని యూరోపియన్ కమిషన్ 2021లో మాటిచ్చింది, ఆ ఏడాది దాటిపోయింది, ప్రతిపాదన రాలేదు. జర్మనీ తనంతట తానే చట్టం చేసుకుంది: ఈత సమయంలో బోనులో ఉంచేది ఐదు రోజులకు మించకూడదు. అది అమలయ్యేది 2036లో.