డిగ్రీ చేతికొచ్చాకే మెడికల్ స్కూల్‌కు అప్లై చేయాలా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ప్రీమెడ్ పిల్లలకు, అంటే డిగ్రీ చదువుతూ మెడికల్ స్కూల్‌కు సిద్ధమయ్యేవాళ్లకు, సలహాలిచ్చే ఉద్యోగం నాది. ప్రతి చలికాలం మన తెలుగు తల్లిదండ్రుల నుంచి ఒకటే మాట: “మేలో డిగ్రీ అయిపోతుంది మేడం, సర్టిఫికెట్ రాగానే అప్లై చేయిద్దాం.” అప్పటికే ఏడాది చేజారిపోయి ఉంటుంది.

అపోహ: బ్యాచిలర్స్ పూర్తయ్యాకే అప్లై చేయాలి.

వాస్తవం: చాలా స్కూళ్లు డిగ్రీ అడిగేది చేరేనాటికి, అప్లై చేసేనాటికి కాదు. మన దగ్గర ఇంటర్ సెకండియర్ చదువుతూనే నీట్‌కు అప్లై చేస్తారు కదా, ఇదీ అంతే. చాలా మెడికల్ స్కూళ్లకు ఉమ్మడిగా పంపే ఆమ్‌క్యాస్ అప్లికేషన్ మే చివర్లోనో జూన్ మొదట్లోనో పంపుతారు. తర్వాత ట్రాన్స్‌క్రిప్టుల (కాలేజీ మార్కుల రికార్డుల) వెరిఫికేషన్, ఒక్కో స్కూల్ విడిగా అడిగే సెకండరీ వ్యాసాలు, ఇంటర్వ్యూలు. ఇవన్నీ దాటి క్లాసులో కూర్చునేది మరుసటి ఏడాది జులై, ఆగస్టుల్లో. 2027 మేలో డిగ్రీ పూర్తయ్యే అమ్మాయి 2026 జూన్‌లో పంపితే 2027 ఆగస్టులో చేరుతుంది. డిగ్రీ కోసం ఆగి 2027 జూన్‌లో పంపితే 2028 ఆగస్టే. అప్లికేషన్‌లో డిగ్రీ రాబోయే తేదీ వేయొచ్చు, నాలుగో ఏడాది తీసుకోబోయే కోర్సులూ చూపించొచ్చు. ఇందులో దాచేదేమీ లేదు.

నిరుడు ఒక కుర్రాడు చివరి సెమిస్టర్‌లో వచ్చాడు. మెడికల్ ప్రవేశ పరీక్ష ఎమ్‌క్యాట్‌లో 517, మంచి జీపీఏ, హాస్పిటల్‌లో వాలంటీర్‌గా చేశాడు. ఇంకా ఎందుకు పంపలేదని అడిగితే, “డిగ్రీ లేకుండా పంపితే రిజెక్ట్ చేసి పేరు బ్లాక్ చేస్తారని బాబాయి చెప్పాడక్కా” అన్నాడు. అలాంటి రూల్ ఎక్కడా లేదు! వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఇలాంటి మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. వాడి మొహం చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోయింది. గ్యాప్ ఇయర్ నామోషీ కాదు, ఎంతోమంది కావాలనే తీసుకుని డాక్టర్ల నోట్స్ రాసిపెట్టే స్క్రైబ్‌గానో ల్యాబ్‌లోనో పనిచేస్తారని ధైర్యం చెప్పాను. కానీ ప్లాన్ చేసుకుని తీసుకున్న ఏడాది వేరు, తెలియక పోగొట్టుకున్న ఏడాది వేరు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీదున్న పిల్లలకు ఇది ఇంకా పెద్ద దెబ్బ. 21 దాటితే ఆ వీసా పోతుంది, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లను చాలా స్కూళ్లు తీసుకోవు. ఆ ఇళ్లలో టెన్షన్ నాకు తెలుసు. మీరు మూడో ఏడాది మొదట్లోనే అడ్వైజర్‌ను కలవండి.

బయాలజీ మేజరే ఉండాలన్నది కూడా అపోహే. ప్రీరెక్విజిట్లు, అంటే స్కూళ్లు ముందే చదివి ఉండాలనే కోర్సులు, పూర్తిచేస్తే చాలు.

90 క్రెడిట్లు (సుమారు మూడేళ్ల కోర్సులు) ఉంటే డిగ్రీ అక్కర్లేదంటారు. టెక్సస్‌లో కొన్ని స్కూళ్లకు అది నిజమే, కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ కూడా మూడేళ్ల చదువుతో అప్లై చేయనిస్తుంది. అయినా ఆ దారిన సీటొచ్చేవాళ్లు తక్కువ. దాన్ని నమ్ముకోకండి.

సీటొచ్చాక డిగ్రీని తేలిగ్గా తీసుకోవచ్చనుకోవడం మాత్రం ప్రమాదం. ఆ సీటు షరతులతో ఇచ్చింది, ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్ చూస్తారు. ఒకమ్మాయి సీటొచ్చిన సంబరంలో ఆఖరి సెమిస్టర్‌లో బయోకెమిస్ట్రీ వదిలేసింది. వేసవిలో ఆ కోర్సు పూర్తిచేసి మార్కులు పంపాకే చేర్చుకున్నారు. ఏ కోర్సు వదిలేయాలన్నా ముందు అడ్మిషన్స్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి, జవాబు వచ్చేదాకా ఆగండి.