చిన్న మిడి కీబోర్డు, టాబ్లెట్: మనవలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

కొత్త కీబోర్డును టాబ్లెట్ పక్కన పెట్టుకుని ఎన్ని మీటలు నొక్కినా చప్పుడు రాలేదనీ, అది పాడైపోయిందేమోననీ మీరు రాశారు. అది పాడవలేదు. ఇరవై ఐదు మీటల ఆ చిన్న పరికరంలో స్పీకరు ఉండదు, ధ్వనిని పుట్టించే భాగమూ ఉండదు. ఏ మీటను ఎప్పుడు, ఎంత వేగంగా నొక్కారో కబురు చెప్పడం వరకే దాని పని. ఆ కబురు అందుకుని పియానోగానో వేణువుగానో పలకవలసింది టాబ్లెట్‌లోని యాప్. ఎవరి పని ఏదో ఇలా విడివిడిగా మనసుకు పట్టిందంటే, తరవాత ఏ చిక్కు వచ్చినా ఎక్కడ వెతకాలో మీకే తెలుస్తుంది.

ఆ కబురు పంపే పద్ధతినే మిడి అంటారు. 1980 ప్రాంతంలో ఒక కంపెనీ సింథసైజరు (కరెంటుతో స్వరాలు పుట్టించే వాద్యం) మాట మరో కంపెనీ సింథసైజరుకు అర్థమయ్యేది కాదు. అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ స్థాపించిన డేవ్ స్మిత్, జపానులో రోలాండ్ స్థాపించిన ఇకుతారో కాకెహాషి పూనుకుని, మరికొన్ని కంపెనీలను కూడా కలుపుకుని, అందరికీ ఉమ్మడిగా ఉండే పద్ధతిని తయారు చేశారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్-600నూ రోలాండ్ వారి జూపిటర్-6నూ తీగతో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికేలా చేసి చూపించారు. ఆ పద్ధతిని వాడుకునే వారెవరి దగ్గరా రుసుము తీసుకోలేదు. నలభై ఏళ్ళు దాటినా ఆనాటి వాద్యానికీ మీ టాబ్లెట్‌కూ ఇప్పటికీ మాట కలుస్తున్నదంటే ఆ ఉదారమైన నిర్ణయమే ముఖ్యమైన కారణమని నా నమ్మకం. ఆ కృషికి గాను 2013లో వారిద్దరికీ టెక్నికల్ గ్రామీ పురస్కారం ఇచ్చారు.

మీరు ఒక మీట నొక్కగానే మూడు సంఖ్యలు బయలుదేరతాయి. స్వరం మొదలైందన్న సంకేతమూ, కబుర్లు వెళ్ళే పదహారు దారుల్లో, అంటే చానళ్ళలో, అది ఏ చానలుకు చెందిందన్న సమాచారమూ మొదటి సంఖ్యలో ఉంటాయి. రెండోది స్వరం సంఖ్య. అది 0 నుంచి 127 వరకు ఉంటుంది, పియానోకు నడిమిన ఉండే సి స్వరం 60. మూడోది మీట దిగిన వేగం. ఒక్కొక్క మీట కింద రెండు చిన్న స్విచ్చులుంటాయి. మొదటిది తగిలిన తరవాత రెండోది తగలడానికి ఎంత సమయం పట్టిందో చూసి పరికరం ఆ వేగాన్ని లెక్కకడుతుంది. అందువల్ల మీటను అదిమిపట్టి ఒత్తినంత మాత్రాన స్వరం పెద్దది కాదు, వేలు చురుగ్గా దిగాలి. వేలు తీసినప్పుడు స్వరం ఆపమని ఇంకొక కబురు వెళుతుంది. మీట నొక్కి ఉండగానే తీగ ఊడివస్తే ఆ రెండో కబురు చేరదు కాబట్టి స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అలా జరిగితే కంగారు పడకుండా యాప్‌ను పూర్తిగా మూసి మళ్ళీ తెరవండి.

ఇక తీగ సంగతి. ఐప్యాడ్ 2010 నవంబరు నుంచీ, ఆండ్రాయిడ్ 2015లో వచ్చిన 6.0 నుంచీ మిడి కబుర్లను అందుకోగలుగుతున్నాయి. మీ టాబ్లెట్‌కు యుఎస్‌బి-సి ఉంటే దానికి తగిన తీగ ఒక్కటి చాలు. పాత ఐప్యాడ్‌కైతే యుఎస్‌బి తీగ తగిలించుకునే కెమెరా అడాప్టర్ కావాలి; ఆండ్రాయిడ్ టాబ్లెట్‌కు ఓటీజీ సదుపాయం, అంటే బయటి యుఎస్‌బి పరికరాలను కలుపుకునే వీలు, ఉందో లేదో ముందే చూసుకోవాలి. కీబోర్డుకు కావలసిన కరెంటు కూడా టాబ్లెట్ నుంచే రావాలి కాబట్టి, మీటలకు తోడు దీపాలు వెలిగే ప్యాడ్లు ఉన్న కీబోర్డును కలిపినప్పుడు ఈ పరికరానికి కరెంటు ఎక్కువ కావాలంటూ ఐప్యాడ్ దాన్ని నిరాకరించవచ్చు. అప్పుడు ఛార్జరు కూడా తగిలించుకునే వీలున్న అడాప్టర్ గానీ, సొంతంగా కరెంటు తీసుకునే హబ్ గానీ వాడండి.

వినడానికి మాత్రం బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వద్దు. ఈ మాట నేను గట్టిగానే చెబుతున్నాను. అవి సినిమా చూడడానికి బాగానే ఉంటాయి గానీ, వాటిలో స్వరం చెవికి చేరేసరికి సాధారణంగా సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకు మించి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంతో సాధన చేస్తే చెయ్యి తాళానికి ముందు పరుగెత్తడం అలవాటు చేసుకుంటుంది, ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం. తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, యాప్ అమరికల్లో బఫర్‌ను (పలికించే ముందు యాప్ కూడబెట్టుకునే ధ్వని తునకల, అంటే శాంపిళ్ళ, సంఖ్యను) 256 శాంపిళ్ళకు తెచ్చుకుంటే ఆ బఫర్ వల్ల కలిగే ఆలస్యం సెకనులో వెయ్యింట ఆరు వంతులకు మించదు. రెండు మీటర్ల దూరంలో కూర్చుని వాయించేవారి శబ్దం మీ చెవికి చేరడానికీ దాదాపు అంతే సమయం పడుతుంది.

మీరు సంగీతం నేర్చుకుంటున్నారు కాబట్టి అసలు చెప్పదలచుకున్న సంగతి ఇది. మన గానానికి మామూలుగా మంద్ర పంచమం నుంచి తార పంచమం వరకు, అంటే రెండు స్థాయిల మేర ఉంటే సరిపోతుంది. ఇరవై ఐదు మీటలంటే సరిగ్గా అంతే. అయితే ఎడమ చివర ఉన్న సి మీట మీద షడ్జమం పెట్టుకుంటే మంద్ర స్వరం ఒక్కటీ దొరకదు, మాటిమాటికీ స్థాయిని మార్చే ఆక్టేవ్ బటన్ వెతుక్కోవలసి వస్తుంది. తెల్లవీ నల్లవీ కలిపి ఎడమ నుంచి ఆరో మీట, అంటే ఎఫ్, షడ్జమం చేసుకోండి. అప్పుడు ఎడమ చివరి మీట మంద్ర పంచమం, కుడి చివరి మీట తార పంచమం అవుతాయి. మాయామాళవగౌళలో సరళీ వరుసలు వాయిస్తే ఇందులో మరొక సుఖం కనిపిస్తుంది. షడ్జమం తెల్ల మీట, రిషభం దాని పక్కనున్న నల్ల మీట. గాంధార మధ్యమాలదీ, పంచమ ధైవతాలదీ అదే అమరిక. నిషాదం మాత్రం తార షడ్జమానికి ఆనుకుని ఉన్న తెల్ల మీట. ఒక జంట వేళ్ళకు పట్టుబడితే మిగిలిన రెండూ వాటంతట అవే వస్తాయి. ఇది నాలుగో శ్రుతి. మీ గొంతు ఐదున్నర శ్రుతి అయితే, కీబోర్డులో గానీ యాప్‌లో గానీ ఉండే ట్రాన్స్‌పోజ్ అమరికను మూడు స్థానాలు పైకి జరపండి. వేళ్ళు పెట్టే చోటు మారదు, శ్రుతి మాత్రం మారుతుంది.

మీటల వాద్యంలో గమకం ఎక్కడ పలుకుతుందని మీ గురువుగారు అడగవచ్చు, అది న్యాయమైన ప్రశ్న. పద్యనాటకాలకు ప్రాణం పోసిన హార్మోనియాన్నే 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దూరంగా ఉంచింది. స్వరం నుంచి స్వరానికి జారలేని వాద్యమన్నది దానిమీద ఉన్న ప్రధానమైన అభ్యంతరం. మీ కీబోర్డులో స్వరాన్ని జార్చే పిచ్ బెండ్ అనే అమరిక ఉంది. మామూలు అమరికలో అది స్వరాన్ని రెండు స్వరస్థానాలు పైకీ రెండు కిందికీ జరుపుతుంది, ఆ మొత్తం దూరంలో 16,384 అంచెలు ఉంటాయి కనుక ఆ జారుడు నునుపుగా వినిపిస్తుంది. తోడిలోని గాంధారం రిషభ మధ్యమాల నడుమ ఊగుతుంది కదా, సాధారణ గాంధారం నుంచి కిందికి రెండు స్థానాలు జరిగితే శుద్ధ రిషభం, పైకి రెండు జరిగితే శుద్ధ మధ్యమం! అయితే ఎంత దూరం, ఏ నడకలో ఊపాలో చెప్పవలసింది మీ గురువుగారి గొంతు మాత్రమే. ముందు పాడి, తరవాతే వాయించండి. అకాయ్ ఎంపీకే మినీ అనే కీబోర్డులో పిచ్ బెండ్‌కు చిన్న జాయ్‌స్టిక్ ఉంటుంది, కోర్గ్ నానోకీ2 అనే కీబోర్డులో బటన్లే ఉంటాయి. గమకానికి వేలి కింద కదిలే జాయ్‌స్టిక్కో చక్రమో కావాలని నా అభిప్రాయం. పిచ్ బెండ్ కబురు ఒక్క స్వరానికి కాక ఆ చానలులో మోగుతున్న స్వరాలన్నిటికీ వర్తిస్తుంది కాబట్టి, తంబురా శ్రుతిని అదే వాద్యం మీద నొక్కి పెట్టుకోకుండా వేరే యాప్‌లో పెట్టుకోండి, లేకపోతే మీ గమకంతో పాటు శ్రుతి కూడా ఊగిపోతుంది.

వచ్చే నెలలో మొదటి సరళీ వరుసను మూడు కాలాల్లో వాయించి నాకు పంపండి. మీ యాప్‌లో మిడి ఫైలుగా పంపే వీలుంటే అలాగే పంపండి. అందులో ధ్వని ఉండదు, మీ వేళ్ళు పంపిన కబుర్లే ఉంటాయి కాబట్టి ఏ స్వరం దగ్గర వేలు తొందరపడిందో, ఏది ముందే తెగిపోయిందో ఒక్కొక్కటిగా చూసి గుర్తులు పెట్టి తిరిగి పంపగలను.

ఆశీస్సులతో,
తాతయ్య