‘నేనలా అనలేదు’ అనేముందు: మాటల్లో అపార్థాలు, అపోహలు - వాస్తవాలు

కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్ళ నోట తరచూ వినే మాట: “నేనన్నది ఒకటి, తను అర్థం చేసుకున్నది ఇంకొకటి.” గొడవ ఎక్కడ ముదిరిందని ఆరా తీస్తే, చాలాసార్లు మొదట అన్న మాట చిన్నదే అయి ఉంటుంది. దాన్ని సర్దిచెప్పబోయి అన్న రెండో మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది. మన ఉద్దేశం ఎలా చెప్పుకోవాలన్న విషయంలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు ఇందుకు కారణం.

అపోహ: మన మనసులో చెడు లేకపోతే ఎదుటివాళ్ళకి అదే తెలుస్తుంది.

వాస్తవం: తెలియదు. 1990లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ ఒక ప్రయోగం చేశారు. కొందరు బాగా తెలిసిన పాటల దరువుని వేళ్ళతో బల్ల మీద కొట్టాలి, వినేవాళ్ళు అది ఏ పాటో చెప్పాలి. సగం పాటలైనా పోల్చుకుంటారని కొట్టినవాళ్ళు అంచనా వేశారు. 120 పాటల్లో వినేవాళ్ళు పోల్చుకున్నవి మూడే. కొట్టేవాళ్ళ తలలో పాట మోగుతూ ఉంటుంది, వినేవాళ్ళకి చేరేది టకటకలే. ఇంత దగ్గరివాళ్ళం, ఆ మాత్రం అర్థం కాదా అంటారు కదా, అదీ సరికాదు. 2011లో వెలువడిన పరిశోధనలో రెండర్థాలొచ్చే మాటల్ని పట్టుకోవడంలో భార్యాభర్తలు కొత్తవాళ్ళకంటే మెరుగ్గా ఏమీ లేరు. తమ మాట అర్థమయ్యే ఉంటుందన్న ధీమా మాత్రం ఎక్కువ.

అపోహ: అసలు ఉద్దేశం చెప్పేస్తే అపార్థం పోతుంది.

వాస్తవం: ఎప్పుడు చెప్పామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇలాంటిది ఒకటి చూడండి. తండ్రికి ఆపరేషన్. తమ్ముడు ఫోన్‌లో “నువ్వు రానక్కర్లేదక్కా, నేను చూసుకుంటాను” అన్నాడు. అక్కకి సెలవు దొరకదని, ప్రయాణం కష్టమని అతని ఆలోచన. ఆమెకి వినిపించింది మాత్రం “ఇక్కడ నీతో పనిలేదు” అని. ఆమె గొంతు మారగానే అతను “అబ్బా, నేనన్నది అది కాదు, నువ్వు ప్రతిదీ తప్పుగానే తీసుకుంటావు” అన్నాడు. అతను నిజమే చెబుతున్నాడు. కానీ ఆ క్షణంలో ఆమె బాధ వెనక్కి పోయింది, ఆమె స్వభావం బోనెక్కింది. ఇక ఆపరేషన్ సంగతి పోయి, పాతవన్నీ బయటికొస్తాయి.

అదే తమ్ముడు ముందు ఇలా అడిగి ఉంటే? “అక్కా, నీ అవసరం లేదన్నట్టు వినిపించిందా?” ఆమె ఔననో, ఏడుస్తూ ఇంకేదో అంటుంది. అది పూర్తిగా విన్నాక, “నీకు సెలవు దొరకదేమోనని అన్నాను. నువ్వొస్తే నాకూ ధైర్యం” అంటే, అదే ఉద్దేశం ఇప్పుడు ఆమె చెవికెక్కుతుంది. ఎదుటివాళ్ళు చెప్పినదాన్ని వాళ్ళకి తృప్తి కలిగేలా తిరిగి చెప్పాకే మన మాట మొదలుపెట్టాలని మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1950లలోనే సూచించారు. వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, నింద పడ్డ మనిషికి ఆ అరనిమిషం ఆగడం చాలా కష్టం. నేను ఎక్కువగా సాధన చేయించేది ఆ అరనిమిషాన్నే.

అపోహ: సారీ చెబితే తప్పు ఒప్పుకున్నట్టే.

వాస్తవం: మాట తగిలినందుకు బాధపడటం వేరు, చెడు ఉద్దేశంతో అన్నానని ఒప్పుకోవడం వేరు. “నేనన్న తీరు బాలేదు, సారీ” అనొచ్చు. “నీకలా అనిపిస్తే సారీ” మాత్రం వద్దు. అందులో తప్పు మళ్ళీ వాళ్ళ మీదికే వెళ్తుంది.

అపోహ: 93 శాతం భావం గొంతులో, ముఖంలోనే ఉంటుంది, మాటలు ముఖ్యం కాదు.

వాస్తవం: ట్రైనింగ్ క్లాసుల్లో ఇంకా వినిపిస్తున్న ఈ లెక్క మనస్తత్వవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి ప్రయోగాల నుంచి వచ్చింది. అవి విడివిడి మాటల్లో చెప్పేవాళ్ళ ఇష్టాయిష్టాల్ని గుర్తుపట్టడం గురించినవి. మామూలు సంభాషణలన్నిటికీ ఈ లెక్క వర్తించదని ఆయనే చెప్పారు. ఉద్దేశం వివరించేటప్పుడు ఎంచుకునే మాటలే కీలకం.

అలాగని గొంతుని తీసిపారెయ్యలేం. వెటకారమో, మామూలు మాటో పోల్చుకోవడం మీద 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో, తాము ఈమెయిల్‌లో రాసింది 78 శాతం సందర్భాల్లో సరిగ్గా అర్థమవుతుందని పంపినవాళ్ళు అనుకున్నారు. చదివినవాళ్ళు సరిగ్గా పట్టుకున్నది 56 శాతమే. ఊరికే ఊహించినా 50 శాతం వస్తుంది! మెసేజ్‌లో మొదలైన అపార్థానికి ఇంకో పొడుగాటి మెసేజ్ పెట్టకండి, ఫోన్ చెయ్యండి.

అపోహ: గొడవంటే ఎవరో ఒకరు అపార్థం చేసుకున్నట్టే.

వాస్తవం: కొన్నిసార్లు ఎదుటివాళ్ళు సరిగ్గానే అర్థం చేసుకుంటారు. మనం విసుగుతోనే అన్నాం, వాళ్ళకి ఆ విసుగే తగిలింది. అప్పుడు “నా ఉద్దేశం అది కాదు” అనడం అన్యాయం. తాము విన్నదాన్నే వాళ్ళు అనుమానించుకోవాల్సి వస్తుంది, రేపు నిజంగా అపార్థమైన రోజు మన వివరణని ఎవరూ నమ్మరు. అలాంటప్పుడు “ఔను, కోపంలోనే అన్నాను. కోపం వేరే విషయం మీద, నీ మీద చూపించాను” అనగలిగితే చాలు. వాళ్ళు వెంటనే మామూలుగా అవ్వకపోవచ్చు. ఆ మాట ఒక్కసారి చెప్పి, అవతలివాళ్ళకి టైమ్ ఇవ్వండి. పదేపదే అదే వివరిస్తూ పోతే, క్షమించమని ఒత్తిడి పెడుతున్నట్టే ఉంటుంది.