క్రాకోవ్ వెళ్తున్న పిల్లలకు

చిరంజీవులు చిన్నీకి, బాబీకి, అమ్మమ్మ ఆశీస్సులు.

దసరా సెలవులకి పోలండ్‌లో మామయ్య దగ్గరికి వెళ్తున్నారట కదా. "అక్కడ తినడానికి ఏముంటుంది, బ్రెడ్డేగా" అన్నాడట బాబీ. మూడు నెలలు ఉండి వచ్చినదాన్ని, ఆ మాట విని ఊరుకోలేక ఇది రాస్తున్నాను. కోటలు మామయ్య చూపిస్తాడు. తిండి సంగతి నేను చెప్తాను.

పొద్దున్నే వీధి మూలల్లో చిన్న నీలం బళ్ళు కనిపిస్తాయి. వాటిలో అమ్మే గుండ్రటి రొట్టె పేరు ఒబ్వజానెక్. పిండిని తాడులా మెలేసి, చుట్ట చుట్టి, ముందు వేడి నీళ్ళలో ముంచి ఉడికించి, ఆ తర్వాతే కాలుస్తారు. అందుకే పైన నిగనిగలాడుతూ, లోపల సాగుతుంది. గసగసాలు చల్లింది తీసుకోండి. మన బందరు లడ్డూకి ఆ ఊరి ప్రత్యేకమని జీఐ గుర్తింపు ఉన్నట్టే దీనికీ 2010లో యూరోపియన్ యూనియన్ ఇచ్చింది. పొద్దున కొన్నది పొద్దున్నే తినేయాలి, సాయంత్రానికి పళ్ళకి పని పెడుతుంది.

ఇక పియెరోగి. చూడ్డానికి అచ్చం కజ్జికాయే, కానీ నూనెలో వేయించరు, నీళ్ళలో ఉడకబెడతారు. నాకు నచ్చింది 'రుస్కియె' రకం. లోపల బంగాళాదుంప, మన పనీర్ లాంటి జున్ను, వేయించిన ఉల్లిపాయ. పేరు చూసి రష్యాది అనుకోకండి, రుథేనియా అనే పాత ప్రాంతం పేరది.

ఇవి చవగ్గా దొరికేది 'పాల బార్'లో. బార్ అనగానే మీ తాతయ్య కంగారు పడ్డారు గానీ, అది భోజన హోటలే. మొదటిది 1896లో వార్సాలో పెట్టారు. పాలు, గుడ్లు, పిండితో చేసినవే ఎక్కువ కాబట్టి ఆ పేరు. కౌంటర్ దగ్గర డబ్బు కట్టి, ప్లేటు మనమే తెచ్చుకుని, తిన్నాక మనమే తిరిగి పెట్టాలి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు పియెరోగి మీద బంగారు రంగు ముక్కలు చల్లి ఇచ్చారు. ఉల్లిపాయ అనుకుని ఆత్రంగా నోట్లో పెట్టుకున్నాను. అవి వేయించిన పంది కొవ్వు ముక్కలు! మాంసం లేకుండా ఇమ్మని అడిగాను గానీ, అది లోపలి కూరకేనని వాళ్ళనుకున్నట్టున్నారు. చిన్నీ, నువ్వు మాంసం తినవు కదా, 'బెజ్ మ్యెన్సా' అన్నాక 'బెజ్ స్క్వారెక్' అని కూడా అను. మొదటిది మాంసం వద్దని, రెండోది ఆ ముక్కలు వద్దని.

బాబీకి జురెక్ నచ్చుతుంది. రై అనే ధాన్యం పిండిని నీళ్ళలో కలిపి కొన్నాళ్ళు పులియబెట్టి, ఆ పులుపుతో కాచే సూప్. సాసేజ్, ఉడికించిన గుడ్డు వేస్తారు. నేను రుచి చూడలేదు గానీ, దాని వాసనకి మా అమ్మ తరవాణి కుండ గుర్తొచ్చింది.

డబ్బుల విషయం. అక్కడ యూరో కాదు, జ్వోటీ. కార్డు మెషిన్ రూపాయల్లోనా జ్వోటీల్లోనా అని అడిగితే జ్వోటీలే నొక్కండి, రూపాయల్లో అయితే రేటు బాగా తగ్గించి మార్చేస్తారు. ఇంకోటి, హోటల్లో నోటు చేతికిస్తూ 'జెంకుయే' అనకండి. థాంక్స్ అనే అర్థం, కానీ అప్పుడు అంటే చిల్లర మీరే ఉంచుకోండి అన్నట్టు! నా మర్యాద వల్ల ఒక పూట భోజనమంత చిల్లర పోయింది.

ట్రామ్ టికెట్ కొంటే సరిపోదు. ఎక్కగానే లోపలి మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించాలి, లేకపోతే జరిమానా. ఆదివారాలు పెద్ద దుకాణాలు చాలావరకు మూసేస్తారు, శనివారమే పాలు, పళ్ళు తెచ్చుకోండి. బాత్రూమ్ తలుపు మీద త్రికోణం ఉంటే మగవాళ్ళది, గుండ్రం ఉంటే ఆడవాళ్ళది. ఈ ముక్క ముందే తెలియక తలుపు ముందు ఎంతసేపు నిలబడ్డానో అడక్కండి.

మార్కెట్ చౌకులో సెయింట్ మేరీ చర్చి ఉంది. గంట గంటకీ దాని గోపురం మీంచి బూర ఊదుతారు. నాలుగు దిక్కులకీ ఒక్కోసారి. పాట మధ్యలోనే టక్కున ఆగిపోతుంది. పూర్వం శత్రువులు వస్తున్నారని హెచ్చరిస్తున్న వాడి గొంతులో బాణం దిగిందని కథ. ఊదడం అయ్యాక ఆయన కిందికి చెయ్యి ఊపుతాడు, మీరూ ఊపండి.

అన్నట్టు, స్తారీ క్లెపాష్ అని పాత బజారుంది. అక్కడ ఎండబెట్టిన అడవి పుట్టగొడుగులు అమ్ముతారు. గుప్పెడు చాలు, సూట్‌కేసులో బట్టలకి వాసన అంటకుండా రెండు కవర్లలో కట్టి తెండి.

మీ అమ్మమ్మ